పండు పేరు

పాలకొల్లులో వీరభద్రయ్యగారి అరుగు మీద ఒక నియమం ఉండేది. ఖాళీ చేతులతో కూర్చుని ప్రశ్న అడగకూడదు. ఆదివారం పొద్దున్నే వేదాంతం వినడానికి ఎవరొచ్చినా ముందు ఏదో ఒక పని అందుకోవాలి. ఒకరు వత్తులు చేసేవారు, ఒకరు చింతపండులో గింజలు తీసేవారు. ప్రశ్న అడిగేవాడి మొహం కంటే చేతులకేసే ఎక్కువ చూసేవారాయన. మధ్యాహ్నానికి ఆయన భార్య సూరమ్మగారు అందరికీ ఆకులు వేసి అన్నం పెట్టేవారు. పొద్దున ఒలిచిన చిక్కుళ్ళు అప్పటికి కూరై ఆకులోకి వచ్చేవి.

ఆ ఆదివారం కామేశం చిక్కుళ్ళ బుట్టని పక్కకి జరిపి, సంచీలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పే మాస్టారు.

“ఇవాళ నా పని నేనే తెచ్చుకున్నానండి,” అన్నాడు. “మా ఆవిడ లాప్‌టాప్ ఇది. పాతబడిపోయింది, తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోతోంది. కొత్త సిస్టమ్ వెయ్యమంది. చేస్తూ ఒక మాట అడుగుతాను. పాతవన్నీ తుడిచేస్తే తప్ప మనసులో కొత్తది నిలవదు కదండీ?”

వినడానికి గొప్ప ప్రశ్నే. కాకపోతే అసూయకి కాషాయం కట్టి తీసుకొచ్చాడు పాపం.

అతని భార్య నీలవేణికి ఇది రెండో పెళ్ళి. మొదటి భర్త చిదంబరం విషజ్వరం వచ్చి చిన్నవయసులోనే పోయాడు. అన్నీ తెలిసే, కోరే చేసుకున్నాడు కామేశం. చిదంబరం పటానికి గోడలో మేకు కొట్టింది తనే. తద్దినం నాడు పూలదండ తెచ్చేదీ తనే. ఎంత పెద్ద మనసండీ అని ఊరు మెచ్చుకుంటే కాస్త పొంగిపోయాడు కూడా. గోడ మీద ఉన్నవాడితో అతనికి ఏ పేచీ లేదు. పేచీ అంతా ఈ లాప్‌టాప్‌తోనే. నీలవేణి మగ్గం వర్కుకి డిజైన్లు గీస్తుంది. వాటికోసం చిదంబరం కొనిచ్చాడు దీన్ని. రోజూ పొద్దున్నే ఆమె మూత తియ్యగానే తెర మీద ‘స్వాగతం, పండు’ అని పడుతుంది. చిదంబరం ఆమెని పిలుచుకున్న ముద్దుపేరు పండు. ఆ పేరు ఆమె ఎప్పుడూ దాచలేదు. పెళ్ళికి ముందే నవ్వుతూ చెప్పింది. అక్కడే వచ్చింది చిక్కు. తను పెళ్ళాం పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటే, ఇంకో మగవాడు ఎదురుగా నిలబడి ముద్దుపేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది కామేశానికి. ఆడవాళ్ళ బాధకి సవతిపోరని పేరైనా ఉంది, మగవాడి బాధకి ఆ పాటి పేరు కూడా లేదు. బతికున్నవాడైతే తగువైనా పెట్టుకోవచ్చు. చచ్చినవాడి కళ్ళు చారెడు, వాడితో ఎవడు పోటీ పడగలడు? అలా లోలోపల ఉడికిపోతూ, అందులో వాడి ఫొటోలే నిండా ఉంటాయని ఊహించుకుంటూ, ఏనాడూ తెరిచి చూడకుండా రోజులు నెట్టాడు.

“ఆవిడ తుడవమందా?” అని అడిగారు వీరభద్రయ్యగారు.

“కొత్తది వెయ్యమందండి.”

“మధ్యాహ్నం భోజనానికి వస్తుందిగా. అందాకా ఆగకూడదూ?”

“ఎంతసేపండీ, చిన్న పని,” అన్నాడు కామేశం. గురువుగారు అతని చేతులకేసి ఒకసారి చూసి, జరిపేసిన బుట్టని తన ముందుకు లాక్కుని చిక్కుళ్ళు ఒలవడం మొదలెట్టారు.

లాప్‌టాప్ రెండు దారులు చూపించింది. పాతవన్నీ ఉంచి కొత్తది వెయ్యనా, అన్నీ తుడిచేసి వెయ్యనా అని. రోజూ పిల్లలకి అతను చెప్పే పాఠమే అది: ముందు పాతవి ఇంకోచోట దాచుకోండి, తర్వాతే ముట్టుకోండి. ఆ పాఠం ఇవాళ గుర్తు రాలేదని అనలేం. గుర్తొచ్చింది, వచ్చినదాన్ని వచ్చిన దారినే పంపించేశాడు. అన్నీ తుడిచెయ్యమని నొక్కాడు. నిజంగానా అని మళ్ళీ అడిగింది. నిజంగానే అన్నాడు. పని ఎంతయిందో చూపించే గీత మెల్లగా నిండుతుంటే, ఎన్నాళ్ళనుంచో పంటి కింద ఉన్న రాయిని ఉమ్మేసినంత హాయిగా అనిపించింది.

కొత్త సిస్టమ్ చక్కగా తెరుచుకుంది. మీ పేరేమిటి అని అడిగి ఖాళీ గడి చూపించింది. నీలవేణి అని తనే కొట్టబోయి ఆగాడు. ఆమె చేత్తో ఆమే కొట్టుకుంటే చూడాలనిపించింది. అదొక ముచ్చట.

భోజనాల వేళకి నీలవేణి వచ్చింది. వస్తూనే వంటింటికి వెళ్ళబోతుంటే పిలిచి లాప్‌టాప్ చూపించాడు.

“అబ్బ, ఎంత తొందరగా తెరుచుకుందండీ!” అని సంబరపడింది. తర్వాత ఖాళీ గడి తప్ప ఇంకేమీ లేని తెర చూసి చిన్నగా అడిగింది. “నా డిజైన్లు ఏవి?”

“ఏ డిజైన్లు?”

“మామిడిపిందెలు, నెమళ్ళు, అన్నీ ఇందులోనే కదండీ. ఇంకెక్కడా లేవవి.”

“ఫొటోలు?”

“ఎవరివి, ఆయనవా? అవెప్పుడో వాళ్ళమ్మగారికి ఇచ్చేశానుగా. కొడుకు బొమ్మలు ఆవిడ దగ్గర ఉండాలి గానీ నాకెందుకు?”

చిదంబరాన్ని తుడిచాననుకున్నాడు కామేశం. తుడిచింది ఆమె కష్టాన్ని. ఆమె కళ్ళు తడయ్యాయి గానీ కొంగుతో ఒత్తేసుకుంది.

“పాత మెషీన్ కదా, తట్టుకోలేక పోగొట్టేసి ఉంటుంది. మీరు మాత్రం ఏం చేస్తారు! మళ్ళీ గీసుకుంటాలెండి,” అంది.

తప్పించుకోవడానికి దారి ఆమే చూపించింది. తేలు కుట్టిన దొంగలా ఆ దారినే పోయాడు. “అవును, పాతది కదా,” అన్నాడు.

“నీలా, చారులో ఉప్పు సరిపోయిందో లేదో చూడవే,” అని వంటింట్లోంచి సూరమ్మగారు కేకేశారు.

“వస్తున్నా పిన్నిగారూ!” అంటూ నీలవేణి వంగుని, వంటింటి గుమ్మంకేసే చూస్తూ, తెరవైపు చూడకుండానే ఆ ఖాళీ గడిలో టకటకా పేరు కొట్టింది. కొట్టి లోపలికి వెళ్ళిపోయింది. కామేశం తెరకేసి చూశాడు, పక్కనుంచి గురువుగారూ చూశారు.

‘స్వాగతం, పండు.’

కోపం రావాలి. రాలేదు. ఎవరి మీద తెచ్చుకుంటాడు? ఆమె ఏమీ తలుచుకోలేదు, ఏమీ దాచలేదు. చారు గురించి ఆలోచిస్తూ కొట్టింది. కడుపులో మంట మాత్రం అలాగే ఉంది, పైగా ఇప్పుడు దానికి సిగ్గు తోడయింది. మూత వేసి లాప్‌టాప్‌ని సంచీలో పెట్టేశాడు.

ఆకులు వేశారు. కామేశం గురువుగారి పక్కనే కూర్చున్నాడు. నీలవేణి వడ్డిస్తూ వచ్చి, అతనికి ఇష్టమని చిక్కుడుకాయ కూర ఇంకాస్త వేసి, అన్నం మధ్యలో వేలితో చిన్న గుంట చేసి నెయ్యి పోసి, పక్క ఆకుకి వెళ్ళింది. అతను అన్నం కలపలేకపోయాడు.

“గురువుగారూ,” అన్నాడు లోగొంతుకతో. “పొద్దున నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు.”

వీరభద్రయ్యగారు ముందుకి సాగిపోతున్న నీలవేణి చేతులకేసి చూస్తూ అన్నారు.

“పెట్టె తుడవడం నీకొచ్చు నాయనా, చూశాను. ఆ పేరు కొట్టిన వేళ్ళే ఇప్పుడు నీకు నెయ్యి పోసి వెళ్ళాయి. వాటిని ఏం చేద్దామనుకుంటున్నావు?”