ఆరని నది

రాజుగారి కోటలో ఒక నది పటం ఉండేది. మూడు వందల ఏళ్ల కిందట ఎవరో పరదేశి నూనె రంగులతో వేసిన పటం అది. నల్లని చెట్ల గుబురు, వాటి సందున వంపు తిరిగిన నీళ్లు, రేవును ఆనుకుని ఒక పడవ, ఎక్కడో దూరాన వాలుతున్న పొద్దు. ఆ రాజ్యంలో నూనె రంగులు నేర్వాలంటే ఆ పటానికి నకలు వెయ్యాల్సిందే; ఏడాదికి ఒక్కరినే చేర్చుకునేవారు. ఏడాది చివర రాజు వచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టించి చూస్తాడు. రవ్వంత తేడా కనబడినా ఆ శిష్యుడికి దేశ బహిష్కారమే. అయినా ముప్పై ఏళ్లుగా ఒక్కరూ తప్పలేదు.

దుకాణాల బోర్డులు రాసుకు బతికే ఒకామె ఆ ఏడు శిష్యురాలిగా చేరింది. ఒక్కరూ తప్పలేదన్న మాట ఆమెకు మింగుడుపడలేదు. పదేళ్లు రాసిన చెయ్యి కూడా ఏదో ఒక పూట అక్షరం వంకర రాస్తుందని ఆమెకు తెలుసు.

గురువు మెత్తని మనిషి. ముందు కాన్వాసంతా గోధుమ రంగు పులమమన్నాడు. చీకటి మొదట, వెలుగు చివర అన్నాడు. పలచని రంగు ఆరాకే చిక్కని రంగు వెయ్యమన్నాడు. అన్నీ చెప్పాడు గానీ, సాయంత్రం గంట కొట్టగానే ఆమెను పంపేసి లోపల గడియ పెట్టుకునేవాడు. అసలు కిటుకేదో దాస్తున్నాడని ఆమె అనుమానించింది.

ఒకరోజు ఆమె పడవను రేవుకు జానెడు ఎడంగా వేసింది. ఇంటి దారిలో తప్పు తట్టి, దిద్దుదామని మర్నాడు పెందలాడే వచ్చింది. తీరా చూస్తే కోట పటంలోనూ పడవ జానెడు ఎడంగానే ఉంది. ముందు తన కళ్లనే నమ్మలేదు. తర్వాత గురువును నమ్మలేదు. ఆ రోజు కావాలనే తన నకలులో ఒడ్డున ఒక తెల్లకొంగను వేసి వెళ్లింది.

తెల్లారేసరికి కోట పటంలో కొంగ వాలి ఉంది. చిటికెనవేలితో తాకింది. వేలికి తెలుపు అంటింది.

నిలదీస్తే గురువు బుకాయించలేదు. తాను కొలువులో చేరిన ఏడాది, ఒక్క కొమ్మ తప్పు వేసినందుకు తన చెల్లెలి కొడుకును సరిహద్దు దాటించారని, వాడు మళ్లీ కనబడలేదని చెప్పాడు. అప్పట్నుంచి శిష్యులు ఎలా వేస్తే పటాన్ని అలా మారుస్తున్నాడట.

"మరి అసలు నది ఎలా ఉండేది గురువుగారూ?"

"నాకూ గుర్తులేదమ్మా."

ఆ మాట విన్నాక, ఏడాదిగా తాను నేర్చింది విద్యో, ముప్పైమంది తప్పులో తేల్చుకోలేకపోయింది.

పరీక్ష నాడు రాజు భూతద్దం పెట్టి రెండు పటాలూ అంగుళం అంగుళం చూశాడు. కొంగ దగ్గర ఆగిపోయాడు.

"ఇలాంటి కొంగను వెయ్యడం పాతవాళ్లకే చెల్లింది. నువ్వు సరిగ్గా పట్టావు," అన్నాడు.

ఆమె గురువు వైపు చూసింది. ఆయన కళ్లు నేలమీద ఉన్నాయి. నోరు విప్పితే ఆయన తల పోతుంది. ఆమె దణ్ణం పెట్టి, ఇక సొంతంగా పటాలు వేసుకోవచ్చన్న అనుమతి పత్రం అందుకుంది.

మర్నాడు ఊరి బయట పారే ఏటి దగ్గరికి పోయి కాన్వాసు నిలబెట్టింది. పొద్దువాలే దాకా వేసింది. అవతలి గట్టు బాగా ఎత్తుగా వచ్చింది. అది తెలిసీ దిద్దకుండా ఇంటికి వెళ్లింది.

పొద్దున్నే వచ్చి ఏటిని అనుమానంగా చూసింది. గట్టు ఎప్పటిలా పల్లంగానే ఉంది. ఇంకాసేపు కాచుకుంది. ఏరు తన దారిన పోతోంది.

గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి, తను వేసిన గట్టును తనే తుడిచేసింది.