ఆఖరున వచ్చినవాడి అరచెయ్యి

తంగెళ్ళదుర్గం అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే ఉద్దండరాయలకు తెలియని విషయం లేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. కాదనేవాళ్ళెవరూ కొలువులో లేరు.

ఒకరోజు ఆయనగారి దృష్టి పిల్లల చదువు మీద పడింది. వీధిబడులన్నిటికీ ఒక శాసనం చేశాడు. పొద్దున బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో శ్రీకారం రాయాలి. రెండోవాడికి చుక్క పెట్టాలి. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి. దీనితో పిల్లలకు చదువు మీద ఆసక్తి పొంగిపొర్లుతుందని మంత్రి విస్సన్న సెలవిచ్చాడు. విస్సన్నగారి పిల్లలకు పంతులు ఇంటికే వస్తాడు లెండి.

ఆ కొలువులో దోనయ్య అని కట్టియవాడు ఉండేవాడు. వెండి కర్ర పట్టుకుని, వచ్చినవాళ్ళ బిరుదులు చదివి లోపలికి పంపడం అతని పని. అన్ని అబద్ధాలు అంత నిబ్బరంగా చదవగలవాడు మరొకడు లేడు.

ఒకనాడు దోనయ్య మనవడు ఓబులు బడి నుంచి వచ్చి అన్నం ముద్ద పట్టుకోలేకపోయాడు. అరచెయ్యి బూరెలా పొంగి ఉంది.

"నేనింక బడికి పోను తాతా," అని గాదె వెనక దూరాడు.

మాటలొచ్చింది మొదలు అక్షరాలు చెప్పమని తాత ప్రాణం తీసిన పిల్లవాడు వాడు. దోనయ్యకు కడుపు మండిపోయింది. తిన్నగా వెళ్ళి రాజుకు మొరపెట్టుకున్నాడు.

"ముందే లేవమను," అన్నాడు రాజు.

"లేస్తున్నాడు ప్రభూ. పిల్లలంతా కోడి కూయకముందే వెళ్ళి అరుగు మీద కూర్చుంటున్నారు. లేవనిది పంతులుగారొక్కరే."

"మరింకేం? నా శాసనం ఫలించింది."

"అందరూ ముందే వచ్చినా, ఎవడో ఒకడు ఆఖరివాడు అవుతాడు గదా ప్రభూ."

"కాకుండా చూసుకోమను," అన్నాడు రాజు. ఎంత మాటన్నారు అన్నట్టు మంత్రి తలూపాడు.

దోనయ్య కోపం దిగమింగి నడుం వంచాడు. "ఇంత గొప్ప శాసనం పిల్లలకేనా ప్రభూ? కొలువుకు కూడా పెడితే?"

ఆవులించుకుంటూ ఆలస్యంగా వచ్చే కొలువువాళ్ళందరూ రాజుకు గుర్తొచ్చారు. "రేపటి నుంచే అమలు చెయ్యి. ఎవరికీ మినహాయింపు లేదు. బెత్తం నీదే."

మర్నాడు కొలువుకూటం తలుపులు తీసేసరికి మంత్రి విస్సన్న గుమ్మంలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. శ్రీకారం ఆయనకు దక్కింది. ఆస్థానకవి తలపాగా లేకుండా పరిగెత్తుకొచ్చి చుక్క సంపాదించాడు. యుద్ధానికైనా అంత తొందరగా వెళ్ళి ఎరగని సేనాపతి ఒక దెబ్బతో బయటపడ్డాడు. మిగతావాళ్ళు అరచేతులు ఊదుకుంటూ కూర్చున్నారు.

అందరూ కూర్చున్నాక, ఆనవాయితీ ప్రకారం, రాజు వేంచేశాడు.

దోనయ్య కర్రతో నేల తాటించి బిరుదులన్నీ చదివాడు. చివర్న, అదే గొంతుతో, "నలభయ్యోవారు. ముప్పై ఎనిమిది దెబ్బలు. ప్రభువులు చెయ్యి చాపాలి," అన్నాడు.

కొలువువాళ్ళు అరచేతులు ఊదుకోవడం మాని రాజు వంక చూశారు.

"కొలువు నిండాక రావడం రాజుకు మర్యాద," అన్నాడు రాజు, చెయ్యి ఉత్తరీయంలో దాచుకుంటూ.

"చిత్తం. ఎవరో ఒకరు ఆఖరున రాక తప్పదనే నిన్న మనవి చేశాను."

"అయితే రేపు నేనే ముందొస్తాను."

"రండి ప్రభూ. ఈ దెబ్బలు ఇంకొకరికి పోతాయి. ఎవరికి పోవాలో తమరే సెలవియ్యండి."

రాజు కొలువు వంక చూశాడు. ఆయన చూసిన చోటల్లా చేతులు వీపుల వెనక్కి పోయాయి. మంత్రిగారి శ్రీకారం చెయ్యి కూడా.

రాజు పకపకా నవ్వాడు. నవ్వవచ్చో లేదో చూసుకుని మంత్రి నవ్వాడు. దోనయ్య నవ్వలేదు.

"గెలిచావు దోనయ్యా. ఇదిగో, నా బంగారు కడియం."

"నాకెందుకు ప్రభూ? దెబ్బలు తిన్నవాడు వేరే ఉన్నాడు."

ఓబుల్ని పిలిపించారు. రాజు సింహాసనం దిగొచ్చి, కడియం పట్టుకుని, ముద్దుగా, "ఏదీ, చెయ్యి చాపు," అన్నాడు.

ఓబులు కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాపాడు. ఎంతకీ ఏమీ పడకపోయేసరికి ఒక కన్ను తెరిచి, "ఎన్ని?" అని అడిగాడు.

రాజు ముఖంలో నవ్వు ఆరిపోయింది. వాచిన చేతిని వదిలి, కడియం ఎడమ చేతికి తొడిగాడు. ఏ వేళకొచ్చినా ప్రతి పిల్లవాడి చేతిలోనూ శ్రీకారమే రాయాలని అక్కడికక్కడే శాసనం మార్చాడు. "ఇప్పుడైనా నవ్వవయ్యా దోనయ్యా," అన్నాడు.

"వాపు తగ్గాక నవ్వుతాను ప్రభూ," అన్నాడు దోనయ్య. ఈసారి రాజు తనను చూసుకుని తానే నవ్వుకున్నాడు.

పంతులుగారి బెత్తంతో ఇప్పుడు వాళ్ళావిడ వడియాల మీద వాలే కాకుల్ని తోలుతోంది. కాకులు ఏ వరసలో వచ్చినా ఆవిడకు పట్టింపు లేదు.