దాలమ్మ గిన్నె

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతల తాతలు దోగాడే రోజులు. ఉత్తరాన కొండల మీద కొండలు. ఆ కొండల కొసన పొగబయలు అని ఒక ఊరు. కింద సంతకు దిగాలంటే మూడు రోజుల నడక. చలికాలం మూడు నెలలూ సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి పోయేవాడు. రాత్రి కుండలో పోసిన నీళ్ళు తెల్లారేసరికి పలకలా బిగిసేవి. ఇక పొగమంచు దిగిందంటే చాచిన చెయ్యి మనకే కనపడదు. జనం తలుపులు బిగించుకుని పొయ్యి చుట్టూ ముడుచుకునేవారు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక ముసలిది. కొండచీపుర్లు కట్టి ఇంటింటికీ ఇచ్చి, వాళ్ళు పెట్టిన గుప్పెడు చోళ్ళ గింజలతో బతికేది. నా అన్నవాళ్ళు లేరు. ఆమెకు ఒకటే పిచ్చి. ఏ గుమ్మం ముందు నిలబడ్డా, "ఏటి కూర వొండినారు?" అని అడిగేది. తినడానికి కాదు, తెలుసుకోవడానికి. తెలిశాక పక్కింటికి చెప్పడానికి. మూసిన తలుపు వెనక నుంచి మనిషి మాట వినిపిస్తే ఆమెకు చలి తగ్గినట్టుండేది.

ఒకనాడు ఊరిపెద్ద సింగన్నదొర, ఒక్కపొద్దు ఉన్నానని అందరికీ చెప్పుకున్నాడు. దాలమ్మ ముక్కు ఊరుకుంటుందా? "దొరింట్లో ఎండుచేపల కూరహో!" అని మూడు వీధులకూ వినిపించింది. ఊరు పడీ పడీ నవ్వింది. దొర ముఖం కందగడ్డ అయింది.

"ఇంక కూర మాట ఎత్తినావంటే కొండ దిగిపోవాల. ఊళ్ళోంచి ఎళ్ళగొట్టేస్తాను," అన్నాడు.

దాలమ్మ నోరు కట్టేసుకుంది. చీపురు ఇచ్చేది, చోళ్ళు తీసుకునేది, వెళ్ళిపోయేది. ఆ ఏడు ఆమెకు నిజంగా చలేసింది.

ఒక మధ్యాహ్నం దొర కూతురు పోలి కట్టెల కోసం పక్క కొండవాలుకు వెళ్ళింది. వెనకే పొగమంచు దిగింది. దారికి ఇటు లోయ, అటు లోయ. పిల్ల ఏ వైపుందో తెలియక ఎవరూ అడుగు వేయలేకపోయారు. ఊరివాళ్ళు మంట వేశారు. మంచు మింగేసింది. డప్పు కొట్టారు. పిల్ల రాలేదు. పేరు పెట్టి పిలిచారు. "ఊఁ" అని ఒక్కసారి పలికి పోలి ఊరుకుంది. చలికి మత్తు కమ్మి కూర్చుండిపోయింది. ఆ చలిలో అలా కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేవరు. దొర నేల మీద కూలబడి ఏడ్చాడు.

దాలమ్మ జనాన్ని తోసుకుని వాలు అంచుకు వచ్చింది. వెళ్ళగొడితే ఈ వయసులో ఎక్కడ బతకాలని ఆమెకు భయమే. అయినా గొంతెత్తింది.

"ఒలే పోలీ! ఏటి కూరే ఇయ్యాల?"

దాలమ్మ ఇంకా గట్టిగా అరిచింది.

"మీ యింట్లో ఎండుచేపలంట. నానైతే అందులో పాలు పోస్తాను."

మంచులోంచి సన్నగా వినిపించింది. "పా... పాలేటి?"

"పాలు పోసి, రెండు గుప్పిళ్ళు బెల్లమేస్తాను."

"బెల్లమా! నీకు మతి పోనాది మామ్మా!" ఈసారి గొంతు లేచింది, మనిషీ లేచింది.

"బెల్లమేసి, పైన అరటిపండు పిసుకుతాను!"

"ఆగు! నానొస్తన్నాను. ఆ కూర ముట్టుకున్నావంటే సెప్తాను నీ పని!"

పోలి తిట్టుకుంటూ, దారి తడుముకుంటూ, ఆ గొంతు పట్టుకుని నడిచింది. దాలమ్మ క్షణం ఆపలేదు. తప్పుడు కూరలు వండుతూనే ఉంది. చివరికి పోలి వచ్చి ఆమెనే గుద్దుకుంది.

దొర ఇంట్లో పొయ్యి దగ్గర వేడి అంబలి తాగి, ఒళ్ళు కాగాక పోలి అడిగింది. "అది సరే మామ్మా, మీ యింట్లో ఏటి కూర?"

ఇన్నేళ్ళూ ఊరందరినీ దాలమ్మే అడిగింది. తనను ఎవరూ అడగలేదు.

"నాకు కూరెక్కడిదే. ఉప్పు గంజే," అంది.

దొరకు సిగ్గేసింది. లేచి వెళ్ళి, గిన్నెనిండా కూర తెచ్చి తన చేత్తో ఆమె ముందు పెట్టాడు. "పాలు పొయ్యలేదులే, తిను దాలమ్మా," అన్నాడు.

దాలమ్మ పోయి ఎన్ని చలికాలాలు గడిచాయో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ పొగబయల్లో మంచు దిగితే, "ఏటి కూర?" అని ఇంటింటికీ కేకలేసుకుంటారు. పగవాడు అడిగినా బదులు చెప్పాలి. ఆకతాయిలు "పాలు పోసిన ఎండుచేపలు" అని అరిచి చివాట్లు తింటారు. ఏ ఇంటి నుంచైనా "ఏటీ లేదు" అని వినిపిస్తే మాత్రం ఎవరూ నవ్వరు. ఎవరో ఒకరు మంచులో తడుముకుంటూ వచ్చి, ఆ గుమ్మంలో ఒక గిన్నె పెట్టి పోతారు. ఎవరు పెట్టారని లోపలివాళ్ళు అడగరు. దాలమ్మ గిన్నె వచ్చిందంటారు, కడుపునిండా తింటారు.