అతుకు కట్టని చందమామ నిచ్చెన

దొండకొండ అడవిలో సింహానికి నిద్ర కరువైంది. ఏటికి అవతల చిరుతలు చందమామ మీదికి నిచ్చెన కడుతున్నాయట. "వాళ్లకంటే ముందు మనవాళ్లే అక్కడ కాలు పెట్టాలి," అని హుకుం జారీ చేసింది. ఎక్కేదెవరంటే అందరూ కొండమేక చెంగి వైపే చూశారు. రాళ్ల మీద పుట్టి పెరిగిన ప్రాణం కదా, చందమామనీ ఓసారి తొక్కి రావాలని చెంగికీ మహా ఆశగా ఉంది.

పని మంత్రి నక్క చేతికొచ్చింది. ఎలుగుబంటి, అడవిపంది పేరున్న మేస్త్రీలే, కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎవర్ని కాదన్నా గొడవేనని నక్క కింది సగం ఎలుగుకి, పై సగం పందికి ఇచ్చేసి చేతులు దులుపుకుంది. రెండు వెదురు సగాలూ కొండకొమ్మున ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు.

చెంగి తలెత్తి చూసింది. రెండూ కలిసేచోట ఒక్క తీగ కూడా కట్టి లేదు.

"ఈ అతుకు ఎవరు కట్టాలి మేస్త్రీ?"

"ఆ పందిని అడుగు," అంది ఎలుగు.

"కింది ముక్క వాడిది. వాడే కట్టుకోవాలి," అంది పంది.

చెంగికి ఒళ్లు మండింది. నక్క దగ్గరికెళ్లి, "మంత్రిగారూ, సగందాకా ఓసారి ఎక్కి చూస్తాను," అంది.

"ముహూర్తం కాకముందే కాలు పెడతావా? అపశకునం. పున్నమి సాయంత్రం ఎక్కడమే," అని కసిరింది నక్క.

పున్నమి రానే వచ్చింది. డప్పులు మోగాయి. నక్క చెంగి మెడలో దండ వేసి, "ఇక ఎక్కు," అంది.

"ఎక్కను," అంది చెంగి.

డప్పులు ఆగిపోయాయి.

"పిరికిదానా, అడవి పరువు తీస్తావా?" అని అరిచింది నక్క.

"పరువు మీది, పోయే ప్రాణం నాది. ఎత్తంటే నాకు భయం లేదు మంత్రిగారూ, మీ పనంటేనే భయం. నిచ్చెన గట్టిదని దొరగారికి చెప్పింది మీరు, ముహూర్తం పెట్టింది మీరు. మొదటి మెట్టు మర్యాద కూడా మీదే. అతుకు దాటి దిగి రండి, ఆపైన చందమామ దాకా నేను పరిగెడతా."

నక్క సింహం వైపు తిరిగింది. "మోకాళ్ల నొప్పులు దొరా..."

"ఎక్కు," అంది సింహం.

నక్క ఒక్కో మెట్టే పట్టుకుని ఎక్కింది. అతుకు మీద కాలు పడగానే పై సగం పక్కకి ఒరిగి జారిపోయింది. దాంతోపాటు నక్క కూడా వచ్చి రేగుపొదలో పడింది. సరిగ్గా అప్పుడే ఏటి అవతల చిరుతల డప్పులు మొదలయ్యాయి. అవి చేరిపోయాయన్నమాట.

నక్క ముళ్లు పీక్కుంటూ లేచింది. "అసలు చందమామకి వెళ్తామని మనమెప్పుడన్నాం? ఇది ఆనపపాదుకి వేసిన పందిరి." సింహం గంభీరంగా తల ఊపింది. అది చూసి అందరూ ఊపారు.

చెంగి ఊపలేదు. మెడలో దండ తీసి నక్క ముందు పెట్టింది. "పాదు మీరు పెట్టుకోండి మంత్రిగారూ, వెదుళ్లు మాకొదిలెయ్యండి. నేను మళ్లీ ఎక్కుతా. అతుకు నా కళ్లముందు కట్టాలి, నేను తొక్కి చూశాకే ముహూర్తం."

ఎలుగు మొదటిసారి పంది మొహం చూసింది. "తీగలు నువ్వు తెస్తావా, నన్ను తెమ్మంటావా?" అని అడిగింది.

నీతి: తొక్కి చూడనివ్వని నిచ్చెనని ఏ ముహూర్తమూ నిలబెట్టదు.