పలక పట్టుకునే చెయ్యి

...ఏమనుకోకండి, చెప్పడానికి ఇంతసేపు చేశాను, నాకేదీ డొంకతిరుగుడు లేకుండా రాదు. ఇంతకీ ఆ రాజుగారి బడి సంగతి కదా.

ఆ బడిలో పలకలన్నీ ఒకే కొలత. బలపాలన్నీ ఒకే పొడుగు. షావుకారు కొడుక్కీ అవే, కూలికెళ్ళే తల్లి కూతురికీ అవే. రాజుగారికి అదో గర్వం. "ఇంత సమానంగా ఇచ్చాక కూడా రాత వంకరపోయిందంటే బుర్రే వంకర" అనేవాడు. అలాంటి పిల్లల్ని గొడ్లు కాయడానికి తోలేసేవాళ్ళు.

పంతులుగారి దిగులంతా ఒక పిల్ల గురించే. నోటితో అడిగితే టకటకా చెప్తుంది. పలక మీద పెట్టేసరికి అక్షరాలు మేకలమందలా చెదిరిపోతాయి. ఆ పూట చూస్తే పరీక్షాధికారి వస్తున్నాడు.

"పలక గట్టిగా పట్టుకోవే తల్లీ!"

"ఏ చేత్తో పట్టుకోను పంతులుగారూ?"

రోజూ చూసేదే, అప్పుడు కనపడిందాయనకి. కుడిచేతిలో బలపం. ఎడమచెయ్యి చంకలో తమ్ముడి చుట్టూ. మోకాలి మీద పలక జారిపోతోంది.

"వాణ్ణి కింద దింపొచ్చుగా?"

"దింపితే పలకెక్కి కూర్చుంటాడండీ. ఇంట్లో వదిలితే పొయ్యిలో చెయ్యి పెడతాడు. అమ్మ నాట్లకి పోయింది."

"మా చెల్లి ఊయలూపడానికి మనిషుంది!" అన్నాడు షావుకారు కొడుకు.

"అయితే మావాణ్ణీ అందులో వేసి రానా?" అంది పిల్ల.

అందరూ నవ్వారు. పంతులుగారు నవ్వలేదు. "ఇటివ్వు" అని బుడ్డోణ్ణి తన చంకనేసుకున్నాడు.

ఆ పిల్ల ఒకచేత్తో పలక పట్టుకుని, ఇంకోచేత్తో రాసింది. ఒక్కో అక్షరం పీటేసుకుని కూర్చున్నట్టుంది.

ఇక ఆయన నల్లబల్ల మీద పాఠం మొదలుపెట్టాడు. బుడ్డోడు మీసం లాగుతాడు, సుద్దముక్క కొరుకుతాడు, వెనక్కి వేలాడతాడు. సరిగ్గా అప్పుడే అధికారి గుమ్మంలోకొచ్చి ఆగాడు. పలకల వంక చూళ్ళేదు. నల్లబల్ల వంక చూశాడు.

"ఎవరిదయ్యా ఆ వంకర రాత? గొడ్ల దగ్గరికి తోలండి!"

పంతులుగారు నోరు తెరిచేలోపే ఆ పిల్ల లేచింది. తన పలక కింద పెట్టేసింది. రెండు చేతులూ చాచింది.

"వాణ్ణి ఇటిచ్చెయ్యండి పంతులుగారూ. ఇప్పుడు రాయండి, తిన్నగా వస్తాయి."

అప్పుడాయన చంకలో పిల్లాణ్ణి... ఆఁ? వస్తున్నా అత్తయ్యా, వస్తున్నా, పాలు మీరే దించెయ్యండి, నాకు రెండు చేతులూ ఖాళీ లేవు—