అరువు తెచ్చిన నలుపు

అనగా అనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. ఊఁ కొట్టేవారుంటేనే కథ అడుగు కదుపుతుంది. కొట్టారు గనుక, ఇక వినండి.

ఇసుక ఎక్కువ, నీరు తక్కువ అయిన ఒక ఏటి ఒడ్డున రంగులపాళెం అనే ఊరు ఉండేది. అక్కడివారు వెదురు కలంతో బట్టల మీద దేవతల కథలు రాసి బతికేవారు. వారికి ఆ విద్య నేర్పినవాడు ఓబులప్ప. ఊరంతా ఆయనను అయ్యవారు అని పిలిచేది.

ఒకనాటి ఉదయం ఆయన శిష్యుడు చెంగల్రాయుడు రాస్తూ రాస్తూ కలం పక్కన పెట్టి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అయ్యవారూ, నేను ఒకరికి మేలు చేశాను. మేలు పొందిన మనిషి నన్ను చూస్తే ముఖం తిప్పుకొంటోంది. ఎందుకో నాకు బోధపడడం లేదు."

ఓబులప్ప గీస్తున్న గీత పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. తరువాత, ఎవరని అడిగాడు.

"సిద్ధమ్మక్క."

ఈ మాట మీకు తెలియాలంటే ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. రంగులపాళెంలో ఎవరు విద్య నేర్చుకొన్నా, వారు రాసిన మొదటి పెద్ద బట్ట వారిది కాదు. దానిని అమ్మగా వచ్చిన సొమ్మును అయ్యవారి ఇంట ఉన్న ఉమ్మడి పెట్టెలో వేసేవారు. కష్టంలో ఉన్న కళాకారులకు ఆ పెట్టె నుంచి అప్పు ఇచ్చేవారు. తమ బట్ట అమ్ముడుపోయినప్పుడల్లా వారు కొంత కొంతగా తీర్చేవారు. వడ్డీ అంటూ ఉన్నది ఒక్కటే, తీర్చడానికి వచ్చినప్పుడు దోసెడు కరక్కాయలు తేవడం. బట్టను నానబెట్టడానికి అవి శిష్యులందరికీ పనికివచ్చేవి.

సిద్ధమ్మ భర్త పోయినప్పుడు షావుకారు వద్ద అప్పు మిగిలింది. ఆమె రాసిన ప్రతి బట్టా వడ్డీ కిందనే పోయేది. అసలు మాత్రం ఉన్నచోటనే ఉండేది. ఆ సమయంలోనే చెంగల్రాయుడి మొదటి బట్ట అమ్ముడుపోయింది. ఆ సొమ్ముతో ఓబులప్ప షావుకారు బాకీ తీర్పించి, సిద్ధమ్మను ఉమ్మడి పెట్టెకు బాకీదారును చేశాడు.

అప్పటి నుంచి ఆమె నడకే మారింది. బాకీలో కొంత తీర్చడానికి వచ్చినప్పుడు వెంటనే వెళ్లేది కాదు. అరుగు మీద కూర్చొని అందరి బొమ్మలకూ వంకలు పెట్టేది. ఒకసారి చెంగల్రాయుడు రాసిన హనుమంతుణ్ణి చూసి, "ఏం రాయుడూ, సముద్రం దాటవలసిన స్వామికి జ్వరం తెప్పించావేం?" అన్నది. అతనికి కోపం వచ్చింది. కానీ మరునాడు హనుమంతుడి భుజాలు దిద్దాడు.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. ఎగువన కురిసిన వాన సంగతి దిగువన ఎవరికీ తెలియలేదు. ఇసుక మీద ఆరవేసిన సిద్ధమ్మ బట్టలన్నిటినీ ఏరు తీసుకొనిపోయింది. ఏటి ఒడ్డున ఆడవారందరూ ఉండగా చెంగల్రాయుడు ఆమె వద్దకు వెళ్లి, పెట్టె నుంచి ఇచ్చిన ఆ సొమ్ము తన బట్ట అమ్మగా వచ్చినదే గనుక ఇక ఆమె పైసా తీర్చనక్కరలేదని, అది తాను ఇచ్చినట్టే అనుకోమని చెప్పాడు. పెద్దలు అతని మనసును మెచ్చుకొన్నారు. సిద్ధమ్మ మాత్రం చేతిలోని బట్టను పిండుతూనే ఉన్నది.

ఆ రోజు నుంచి ఆమె అయ్యవారి అరుగు ఎక్కలేదు. ఏటిలో తడిబట్ట రెండో కొస పట్టుకొమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. అడగకుండానే బాకీ కొట్టివేసే పుణ్యాత్ముడు తమకు ఎక్కడ దొరుకుతాడని ఒకామె నవ్వుతూ అన్నది. ఇప్పుడు సిద్ధమ్మ కలం మానివేసి, శెనక్కాయలు ఒలుచుకొని బతకడానికి తమ్ముడి ఊరికి వెళ్లిపోతోంది. బండి మరునాటికి మాట్లాడుకొన్నది.

చెంగల్రాయుడు ఇదంతా చెప్పి, "ఒక మాట అడుగుతాను, కోపగించవద్దు అయ్యవారూ. ఊరికే ఇవ్వడమే మంచిదైతే మనం అప్పు అని ఎందుకు పేరు పెట్టాం? అప్పే మంచిదైతే షావుకారుకూ మనకూ తేడా ఏమిటి?" అన్నాడు.

ఓబులప్ప గీస్తున్న గీతను మధ్యలోనే ఆపాడు.

"నలుపు ఎంత ఉంది?" అని అడిగాడు.

తుప్పు పట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో వేసి, మూతి కట్టి, రోజుల తరబడి పులియబెడితే వచ్చేది ఆ నలుపు. కరక్కాయ పట్టించిన బట్ట మీద దాని చుక్క పడితే కాటుకలా మారుతుంది. అది లేనిదే గీత లేదు, గీత లేనిదే బొమ్మ లేదు. శిష్యుడు కుండ మూత తీసి చూశాడు. నిండుగా ఉన్నదని, చక్కగా పండిందని చెప్పాడు.

ఓబులప్ప లేచాడు. కుండను రెండు చేతులా ఎత్తుకొని పెరట్లోకి నడిచాడు. కంచె దగ్గర నిలబడి, నలుపునంతా నేల మీద పోసివేశాడు. ఖాళీ కుండను తెచ్చి శిష్యుడి ముందు పెట్టాడు.

చెంగల్రాయుడు కుండలోకి చూసి, వెనక్కి తిరిగాడు. బల్ల మీద రథోత్సవానికి ఇవ్వవలసిన బట్ట సగం గీతలతో పరచి ఉన్నది. కొత్త నలుపు పండేదాకా ఆగితే ఉత్సవం దాటిపోతుంది.

"సిద్ధమ్మ దగ్గర నలుపు ఉంటుంది. వెళ్లి అరువు అడుగు. ఊరికే ఇస్తానంటే మాత్రం పుచ్చుకోకు," అన్నాడు ఓబులప్ప.

దారి పొడుగునా చెంగల్రాయుడు అయోమయంలోనే నడిచాడు. అయ్యవారికి వయసు పైబడిందా, లేక తన మీద కోపమా? తన తప్పుకు శిక్ష అయితే నలుపు ఏం చేసింది? ఉన్నదానిని పారబోసి, బట్టలన్నీ ఏటిపాలు చేసుకొన్న మనిషి దగ్గర చేయి చాచడం ఏ నీతి? అతనికి ఒక్కటీ తెగలేదు.

సిద్ధమ్మ ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. ఆమె గడపలో కూర్చొని చేటలోని గింజలను సంచిలో పోస్తోంది. అతన్ని చూసి పని ఆపలేదు. అతడు వచ్చిన సంగతి చెప్పాడు.

"మూలన కుండ ఉంది. తీసుకొనిపో. రేపు ఎలాగూ పారబోసేదే," అన్నది.

"ఊరికే వద్దక్కా."

ఆమె చేయి ఆగింది.

"ఊరికే వద్దంటే?"

"అప్పుగా ఇవ్వు. మా కుండ పండగానే తెచ్చి ఇస్తాను."

"మీ కుండకు ఏమొచ్చింది?"

"అయ్యవారు పారబోశారు."

"పాడైందా?"

"లేదక్కా. బాగా పండింది. అయినా పారబోశారు."

సిద్ధమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపును తప్పించుకోలేక అతడు ఖాళీ కుండ అంచును గోటితో గీకుతూ నిలబడ్డాడు. ఆమె లేచి లోపలికి వెళ్లింది. కుండ మూతి విప్పి, వెదురుపుల్లతో కలిపి, పాత బట్టపేలిక మీద ఒక చుక్క పెట్టి చూసింది. చుక్క నల్లబడింది. ఆమె అది ఆరేదాకా ఆగింది.

"ఎప్పటికి తీరుస్తావు?"

"పండగానే."

"అది మాట కాదు. గడువు చెప్పు."

"వచ్చే పున్నమికి."

"పలచన చేసి తెస్తే వెనక్కి పంపుతాను. నీ కుండలో నీళ్లే ఎక్కువుంటాయని అందరికీ తెలుసు." ఆమె కుండ వంచబోయి ఆగింది. "మరి నా బాకీ సంగతి?"

ఏటి ఒడ్డున అంతమంది ముందు తాను అన్న మాట చెంగల్రాయుడికి గుర్తుకు వచ్చింది. ఆ రోజు తాను ఎంత తేలికైన మనసుతో ఇంటికి నడిచాడో కూడా గుర్తుకు వచ్చింది.

"ఉందక్కా. ఉన్నట్టే ఉంది. కొట్టివేయడానికి నేనెవరిని?"

"ఆ మాట కూడా ఏటి దగ్గరే చెప్పు, అందరూ ఉన్నప్పుడు."

"చెబుతాను."

సిద్ధమ్మ నలుపును చుక్క కింద పడకుండా వంచింది. అంచుదాకా పోసి మూత పెట్టింది. తరువాత బయటికి వచ్చి, గుమ్మం ముందున్న మూటలను చూసి విసుక్కొన్నది.

"నీ కుండ పండేదాకా నేను ఊరు కదలడానికి లేకుండా చేశావు కదరా. పో, బండివాడితో రావద్దని చెప్పి పో."

చెంగల్రాయుడు ముందు బండివాడి ఇంటికి, తరువాత అయ్యవారి ఇంటికి వెళ్లాడు. ఓబులప్ప బల్ల దగ్గరే ఉన్నాడు. తెచ్చిన నలుపులో కలం ముంచి, ఆగిపోయిన గీతను ఆగినచోటి నుంచే అందుకొన్నాడు.

"గడువు పెట్టిందా?"

"పెట్టింది అయ్యవారూ."

శిష్యుడు ఇంకా ఏదో అడగాలనుకొన్నాడు. తాను తెలుసుకొన్నది ఎంతో, తెలియనిది ఎంతో అతనికే తేలలేదు.

ఓబులప్ప గీత ముగించి తల ఎత్తాడు.

"వెళ్లి పాత ఇనుము ఏరుకొని రా. మనం ఒకరికి బాకీ ఉన్నాం."

ఈ కథ నాకు మొదట చెప్పినది మా నాన్నమ్మ నాంచారమ్మ.