దుప్పటమ్మ తల్లికి శాలువాలు ఎలా వచ్చాయి

ఊదారంగు, టీచరమ్మా. ఎరుపు కాదు. గుడి గోడ మీద బొమ్మ గీసినాయన దగ్గర ఊదారంగు అయిపోయి ఎరుపు ఏశాడు. అప్పట్నుంచీ అందరూ ఎర్ర శాలువా, ఎర్ర శాలువా అంటన్నారు. ఊదారంగు. బెత్తెడు జరీ అంచు. ఒక మూల హారతి కర్పూరం పడి చిన్న మరక. ఆ మరక లోపలికి పోయేట్టు మడతపెట్టాలి. ముప్పై రెండేళ్ళు మడతపెట్టింది నేనేగా, నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తది.

ఆ బొమ్మ కింద రాసింది మా మనవరాలు చదివి ఇనిపించింది. "సన్మానం జరిగిన సాయంత్రమే ఆ మహానుభావుడు తన శాలువాను తల్లికి సమర్పించి తరించెను" అని ఉందంట. రాత బాగానే ఉంది. జరిగింది అది కాదు. మీరు గుడికి పుస్తకం ఏయిస్తన్నారు కాబట్టి చెప్తన్నాను, పుస్తకంలో మాత్రం అలా రాయకండి. గోడ మీద రాత నాలుగు వానలకి పోద్ది. పుస్తకం పోదు. మాటలు ఎక్కించుకునే ఈ ఫోను ఆగిపోతే మళ్ళీ నొక్కడం నాకు రాదు, అందుకని మజ్జలో ఆపను. అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి.

గుడి మీరు చూసిందేగా. బందర్లో కొఠారు సందు మలుపులో ఉంటది. గుడంటే ఎంత, మనిషి ఒంగి లోపలికి ఎళ్ళాలి. తల్లి మూరెడు రాయి. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, చేతులు కట్టుకుని, చలికి కూర్చున్న ఆడమనిషిలా ఉంటది. ఇవాళ పొద్దున ఆవిడ మీద ఏడు శాలువాలున్నాయి. మొన్న నాటకాలోళ్ళ సభ జరిగింది కదా, అయ్యి.

పూర్వం ఇక్కడ సందూ లేదు, ఇళ్ళూ లేవు. అంతా ఉప్పుమళ్ళు. సముద్రం నీళ్ళు పెట్టి ఎండగట్టేవోళ్ళు. అంకన్న అని ఒకాయన మడిలో ఉప్పు లాగుతుంటే చెక్కకి ఈ రాయి తగిలింది. రాయే కదా అని తీసి గట్టు మీద పడేశాడు. ఆ మర్నాటి నుంచీ ఆయన మడిలో ఉప్పు కట్టలేదు. పక్క మళ్ళల్లో కడతంది, ఈయన మడిలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మూడో రోజు తల్లి కల్లోకి ఒచ్చింది. "అంకన్నా, ఊరందరి కూట్లోకీ ఉప్పిచ్చినదాన్ని. నన్ను తెచ్చి గాలికి పడేశావు. చలేస్తంది. నీ మీద ఉన్నది నా మీద కప్పు" అంది.

ఆయన మీద ఉన్నది ఒక్క దుప్పటి. అదీ మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ కలిపి. లేచి పెళ్ళానికి చెప్పాడు. "ఉన్నది ఒక్కటే కదే" అన్నాడు.

"రెండుంటే నన్ను లేపేవోడివి కాదుగా" అందంట ఆవిడ. "ఇచ్చిరా. ఇద్దరం పొయ్యి పక్కన పడుకుందాం."

ఎళ్ళి కప్పి ఒచ్చాడు. తెల్లారి చూస్తే మడంతా మల్లెపూలు పరిచినట్టు కట్టింది ఉప్పు. అప్పుడు ఒచ్చింది తల్లికి దుప్పటమ్మ అనే పేరు. ఆ పేరుతో పాటు ఒక మాట కూడా పుట్టింది. తల్లికి కప్పింది, కప్పినోళ్ళు మళ్ళీ తీసుకోకూడదు. చలికి ఓర్చుకోలేని మనిషి ఇంకెవరైనా సరే తీసుకుపోవచ్చు, అడగక్కర్లేదు. కప్పిన చేత్తోనే లాగితే మాత్రం ఆ ఇంట్లో పొయ్యి చల్లారిపోద్దంటారు. మా అమ్మ చెప్పేది. చిన్నప్పట్నుంచీ ఇంటానే ఉన్నాను. ఇని ఏం చేశాను.

తర్వాత ఆ మళ్ళూ, ఉప్పు నిలవేసే కొఠార్లూ ఎత్తేశారు. సందు పడింది, సందు చివర హాలు కట్టారు. బందర్లో పేరున్నోళ్ళు ఎవరైనా ఆ హాల్లో స్టేజీ ఎక్కినోళ్ళే. పాండురంగం గారు పద్యం ఎత్తుకుంటే బయట రిక్షాలోళ్ళు బేరాలు ఒదులుకుని కిటికీల దగ్గర నిలబడేవోళ్ళు. కవిగారు చిట్టెళ్ళ విశ్వపతి గారు. పాటల కోమలవల్లి. సగం ఊరికి పురుళ్ళు పోసిన డాక్టరమ్మ గారు. అందరికీ సన్మానాలు అక్కడే. నేను ఆ హాల్లో ఊడ్చేదాన్ని, జంపకానాలు పరిచేదాన్ని, మైకు పక్కన మంచినీళ్ళు పెట్టేదాన్ని. ఇంకా శాలువా నా పని.

హాలుకి ఉన్నది ఒకటే శాలువా, టీచరమ్మా. ఎంతమందికి సన్మానమైనా అదే. కప్పుతారు, ఫోటో తీస్తారు, చప్పట్లు కొడతారు. ఆయన ఎడమ పక్క మెట్ల మీంచి లోపలికి దిగుతాడు. అక్కడ నేను పళ్ళెం పట్టుకుని ఉంటాను. "ఇటివ్వండి బాబుగారూ" అని తీసుకుని, నాలుగు మడతలేసి, మళ్ళీ స్టేజీ మీదకి పంపిస్తాను. తర్వాతాయనకి కప్పుతారు. అందరికీ తెలిసిందే, ఎవరూ తప్పు పట్టేవోళ్ళు కాదు. ఫోటోలో ఉందిగా, చాలు అనుకునేవోళ్ళు. విశ్వపతి గారు నవ్వుతా అనేవోడు, "నాంచారమ్మా, కప్పడానికి అరగంట ఉపన్యాసం చెప్పారు. నువ్వు అరనిమిషంలో లాగేశావు. ఊరు మొత్తంలో కవిని కవి అని చూడనిదానివి నువ్వొక్కదానివే." పాండురంగం గారైతే, "ఈ శాలువా నాకంటే ఎక్కువ సార్లు స్టేజీ ఎక్కింది, ముందు దీనికి సన్మానం చెయ్యండయ్యా" అనేవోడు. సెక్రటరీ జానకిరామయ్య గారికి మాత్రం నవ్వొచ్చేది కాదు. "సభ అయ్యేసరికి శాలువా బీరువాలో ఉండాలి, తాళం నీ దగ్గరుండాలి" అనేవోడు. ఉండేది.

మా ఆయన సంగతి చెప్పాలి ఇప్పుడు. పేరు నా నోటితో అనను, గోడ మీద ఉంది, చూసి రాసుకోండి. ఆయన హార్మణీ పెట్టె వాయించేవోడు. నలభై ఏళ్ళు స్టేజీకి ఒక పక్క, తెర నీడలో కూర్చుని. ఊళ్ళో పాడినోళ్ళందరికీ ఆయన శ్రుతే. పాండురంగం గారికి వయసు మీదపడ్డాక పద్యం మజ్జలో ఊపిరి అందేది కాదు. అందనప్పుడు మా ఆయన పెట్టె మీద ఆ స్వరం అలా సాగదీసి పట్టుకునేవోడు, పాండురంగం గారు మళ్ళీ ఊపిరి తీసుకుని అందుకునేదాకా. జనానికి తెలిసేదే కాదు, వన్సుమోర్లు కొట్టేవోళ్ళు. కోమలవల్లి ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు మా అరుగు మీద కూర్చుని స, ప, స నేర్చుకుంది. మాకు తిండి పెట్టింది ఆ పెట్టే.

ఆళ్ళందరికీ శాలువాలు కప్పారు. ఈయన పక్కనించి చూసేవోడు. ఒక్కసారి, హాలంతా ఖాళీ అయ్యాక నేను మడతపెడతంటే ఒచ్చి నిలబడ్డాడు. "ఏమే, ఒకసారి నా భుజం మీద ఏసి చూడరాదూ. ఎలా ఉంటదో" అన్నాడు.

"ఊరుకో. అది పెద్దోళ్ళది" అన్నాను.

"సరేలే" అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. అడగలేదు గానీ, ఆ కోరిక ఆయనకి పోలేదని నాకు తెలుసు. సన్మానాలప్పుడు కళ్ళు స్టేజీ మీద ఉండేవి కాదు, పళ్ళెం మీద ఉండేవి.

ఆ సాయంత్రం సంగతి చివర చెప్తాను. ఆయన పోయాక ఏం జరిగిందో ముందు చెప్పనివ్వండి. అది చెప్పడం తేలిక.

పెద్దకర్మ రోజు జానకిరామయ్య గారు ఆ ఊదారంగు శాలువా తెచ్చి నా ముందు పెట్టాడు. పెద్దమనిషి, కళ్ళెంబడి నీళ్ళు పెట్టుకున్నాడు. "తీసుకో నాంచారమ్మా, ఇది ఇంక మీదే" అన్నాడు. ఏం చేసుకోను. తీసుకెళ్ళి తల్లికి కప్పాను. తల్లి మీద పడ్డ మొదటి శాలువా అదే. కప్పింది మా ఆయన కాదు, నేను. రెండు రోజులకి చూస్తే లేదు. చేపల గంపలు మోసే ముసలమ్మ ఒకావిడ కప్పుకుని పోతంటే చూశాను. మంచిదే అనుకున్నాను.

ఆ ఉగాదికి పాండురంగం గారికి మళ్ళీ సన్మానం. ఈసారి కొత్త శాలువా కొన్నారు. కప్పారు, ఫోటో తీశారు. ఆయన ఎడమ పక్క మెట్లు దిగలేదు. నా చేతిలో పళ్ళెం చూసి అటు రాలేదు. ముందు నుంచే దిగి, జనం మజ్జలోంచి నడుచుకుంటా, శాలువా భుజం మీదే ఉంచుకుని సందులోకి ఎళ్ళిపోయాడు. "అయ్యా, ఇంకా ఇద్దరున్నారండీ" అని జానకిరామయ్య గారు ఎనకాల పడ్డాడు. "ఆళ్ళకి వేరే కొనండి. దీన్ని నాంచారమ్మ చేతిలో పెడితే వాళ్ళాయన నాకు శ్రుతి ఇవ్వడు" అన్నాడు పాండురంగం గారు. ఎళ్ళి తల్లికి కప్పి, అక్కడే నిలబడి ఒక పద్యం పాడాడు. పెట్టె లేదు. మజ్జలో ఊపిరి అందలేదు. పట్టుకునేవోళ్ళు లేక ఆగిపోయాడు. ఆగి, ఏడ్చాడు.

అప్పట్నుంచీ అదే ఆచారం. బందర్లో ఎవరికి సన్మానం జరిగినా, కవులు గానీ, పాటలోళ్ళు గానీ, లీడర్లు గానీ, శాలువా భుజం మీద ఉంచుకునే నడిచి ఒచ్చి తల్లికి కప్పుతారు. కారెక్కకూడదు. ఎవరూ వాళ్ళ భుజం మీంచి తియ్యకూడదు, ఆళ్ళంతట ఆళ్ళు తియ్యాలి. సన్మానానికి మనిషికో శాలువా కొంటన్నారు ఇప్పుడు, ఒకరిది ఇంకొకరికి కప్పరు. తల్లి మీంచి చలికి లేనోళ్ళు పట్టుకుపోతారు. బస్టాండులో పడుకునేవోళ్ళ మీద చూడండి, అన్నీ జరీ అంచులే. కప్పినోళ్ళకి గొంతు పోదంటారు, కలం ఆగదంటారు. కోమలవల్లికి డెబ్భై దాటాయి, ఇంకా పాడతంది. నేను పొద్దున్నే ఎళ్ళి దులిపి మళ్ళీ కప్పుతాను. ఒళ్ళు చేతకాని దాకా ఒచ్చింది, అయినా ఎళ్తాను.

ఇంక ఆ సాయంత్రం.

పుష్యమాసం. హాలు వార్షికోత్సవం. పాండురంగం గారు జానకిరామయ్య గారితో, "నాంచారమ్మ మొగుడికి కప్పకపోతే నాకూ ఒద్దు" అన్నాడంట. అలా ఈయన పేరు చేర్చారు. మొత్తం నలుగురు. ముందు ఈయన, తర్వాత పాండురంగం గారు, కోమలవల్లి, నాలుగో ఆయన హైదరాబాదు నుంచి రావాలి. ఈయనకి అప్పటికి మూడ్రోజుల్నించి జ్వరం. దగ్గితే మంచం కదిలేది. మిరియాల కషాయం ఇచ్చి, "ఎళ్ళకపోతే ఏం" అన్నాను. "ఇప్పుడు ఎళ్ళకపోతే ఇంకెప్పుడే" అన్నాడు. తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. పెట్టె కూడా తెచ్చుకున్నాడు, మిగతావాళ్ళు పాడితే వాయించాలిగా.

కప్పారు. నేను మెట్ల పక్క నుంచి చూశాను. చప్పట్లు ఆగలేదు చాలాసేపు. ఆయన జనం ఒంక చూళ్ళేదు. జరీ అంచు మీద చేతి ఏళ్ళు పెట్టి, పెట్టె మీద మెట్లు నొక్కినట్టు ఒక్కొక్కటే నొక్కుతా నిలబడ్డాడు. తర్వాత దిగాడు. ఎడమ పక్క మెట్ల మీంచే. నా దగ్గరికి.

"ఇంటికెళ్ళేదాకా ఉంచవే. చలేస్తంది" అన్నాడు.

"ఇంకా ముగ్గురున్నారయ్యా. ఇటివ్వు" అన్నాను.

ఇచ్చాడు. పైగా నాకు సాయంగా రెండు మూలలు ఆయనే పట్టుకున్నాడు. నేను రెండు మూలలు. మరక లోపలికి పోవాలని ఆయనకి కూడా తెలుసు. మూలలు కలిపేటప్పుడు చెయ్యి తగిలింది, కాలిపోతంది. అయినా నేను పళ్ళెంలో పెట్టి పంపించేశాను. భుజం మీంచి తీసింది నేను, టీచరమ్మా. ముప్పై రెండేళ్ళ అలవాటు, మొగుడని కూడా చూళ్ళేదు నా చెయ్యి.

ఆ నాలుగో ఆయన రాలేదు. బండి దొరకలేదంట. కోమలవల్లి దిగాక శాలువా ఊరికే పళ్ళెంలో పడుంది. ఈయన బల్ల మీద కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒణుకుతన్నాడు. శాలువా ఆయనకి చేతి దూరంలోనే ఉంది. తీసి కప్పొచ్చు. ఎవరూ ఒద్దనరు. నేను తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం ఏశాను. హాలుది కదా.

ఇంటికి నడిచి ఎళ్తా గుడి దగ్గర ఆగాడు. తల్లి మీద ఎవరిదో నూలు దుప్పటి ఉంది. నాకు అప్పుడు భయమేసింది. "అది తీసుకో. చలికి ఎవరైనా తీసుకోవచ్చుగా" అన్నాను.

"ఇందాకే సన్మానం జరిగిన మనిషి తల్లి దుప్పటి పట్టుకుపోతే ఏం బాగుంటదే" అన్నాడు. నవ్వాడు కూడా. "లేనోళ్ళకి ఉండనీ."

ఇంటికెళ్ళి నా కోకలు రెండు కప్పాను. పొయ్యి రాజేసి పక్కన పడుకోబెట్టాను. ఒణుకు తగ్గలేదు. పెట్టె దగ్గరికి జరపమన్నాడు, జరిపాను. దాని మీద చెయ్యేసి పడుకున్నాడు.

రాసుకోండి. ఆయన తల్లికి శాలువా ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆయన దగ్గర లేదు. బీరువాలో ఉంది. తాళం నా బొడ్లో ఉంది. తెల్లారేసరికి ఆయన లేడు.